ఖాళీ గుమ్ముల నెల

2019 ఆగస్టులో మూడు వారాలు నైజర్‌లో ఉన్నాను. నైజీరియా కాదు, దానికి ఉత్తరాన ఉన్న దేశం. ముప్పాతిక భాగం సహారా ఎడారే. విత్తనాల పని మీద వెళ్ళాను. మన పటాన్‌చెరులోని మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌కు అక్కడ సదోరె అనే చోట ఒక కేంద్రం ఉంది. రాజధాని నియామే నుంచి నలభై కిలోమీటర్ల పైచిలుకు. పటాన్‌చెరుకూ సదోరెకూ కలిసే పంట సజ్జ.

ముంబై నుంచి అడిస్ అబాబా మీదుగా నియామేలో దిగాను. వానలు పడుతున్న రోజులు కాబట్టి కిటికీలోంచి ఎర్రటి ఇసుక మీద పల్చటి పచ్చదనం కనిపించింది. మాది పాలమూరు జిల్లా. ఎండిన నేల నాకు కొత్త కాదు. కానీ పైరు కింద అంత ఇసుక ఉండటం మొదటిసారి చూశాను.

మర్నాడు పొద్దున్నే సదోరెకు బయలుదేరాం. నాతో వచ్చిన కుర్రాడు అక్కడి వ్యవసాయ పట్టభద్రుడు, ఇంగ్లిష్ బాగా వచ్చు. నైజర్ నది మీద కెన్నెడీ వంతెన దాటుతుంటే మినీబస్సులు, గాడిద బండ్లు, బరువులు మోస్తున్న ఒంటెలు అన్నీ ఒకే వరసలో కదిలాయి. వంతెన దాటాక ఎటు చూసినా పిల్లలే. నీళ్ళ డబ్బాలు మోసేవాళ్ళు, మేకల వెంట పోయేవాళ్ళు, చెల్లెల్ని వీపుకు కట్టుకున్న ఏడేళ్ళ అక్కలు. ఆ దేశంలో సగం మందికి పదిహేనేళ్ళు కూడా నిండలేదని చదివే వెళ్ళాను. కాగితం మీద చదివితే అది ఒక అంకె. రోడ్డు మీద చూస్తే మాట రాలేదు.

"నాకు ముప్ఫై ఏళ్ళు. నేను పుట్టినప్పుడు మేం ఎనభై లక్షల మందిమి. ఇప్పుడు రెండు కోట్ల ముప్ఫై లక్షలు" అన్నాడు కుర్రాడు. వాళ్ళ ఇంట్లో పదకొండు మంది సంతానం, చదువుకున్నది ఇద్దరు. స్వాతంత్ర్యం వచ్చిన 1960లో ఆ దేశ జనాభా ముప్ఫై అయిదు లక్షలు కూడా లేదు. సాగుకు పనికొచ్చే నేల మాత్రం దేశం మొత్తంలో పది శాతానికి కాస్త అటూ ఇటూ. అది పెరగదు కదా.

సదోరె పక్క పల్లెల్లో ఒక ఊరికి నాలుగు సార్లు వెళ్ళాను. పొద్దున మొదట వినిపించేది రోకళ్ళ చప్పుడు. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు ఒకే రోట్లో వంతులు తప్పకుండా సజ్జలు దంచుతున్నారు. నా చిన్నప్పుడు మా నాయనమ్మ ఇంట్లో విన్న చప్పుడే, మళ్ళీ నలభై ఏళ్ళకు ఇంత దూరంలో విన్నాను. దంచిన పిండిని ఉండలుగా ఉడికించి, మళ్ళీ దంచి, నీళ్ళూ పుల్లటి పాలూ కలిపి సొరకాయ బుర్రతో తాగుతారు. బూల్ అంటారు. మన సజ్జ అంబలికి అన్నదమ్ముడు. ఆ నెలలో పాలు తక్కువ, నీళ్ళు ఎక్కువ.

ఇళ్ళ వెనక గడ్డితో అల్లి, నేలకు కాస్త ఎత్తున నిలబెట్టిన గుమ్ములున్నాయి. మా వైపు వెదురు గుమ్ముల్లాగే. నేను పలకరించిన ఇంటి పెద్దాయనను కుర్రాడు "బాబా" అని పిలిచేవాడు, నేనూ అలాగే పిలిచాను. ఆయన గుమ్మి మూత తీసి చూపించాడు. అడుగున చేటెడు సజ్జలు. జూన్‌లో విత్తారు, కోత సెప్టెంబరు చివరికి. ఈ మధ్య నెలలే అక్కడ ఆకలి నెలలు. చేలో మనిషి ఎత్తు దాటి, చెయ్యంత పొడవు కంకులు ఊగుతుంటాయి, ఇంట్లో గుమ్మి ఖాళీగా ఉంటుంది. ఒళ్ళు వంచి కలుపు తీయాల్సిన రోజులూ అవే.

పెరగని నేల మీద ఇంతమంది ఎలా బతుకుతున్నారన్న నా ప్రశ్నకు జవాబు బాబా చేలోనే దొరికింది. వాళ్ళ నాన్న కాలంలో ఒక చెక్క నాలుగైదేళ్ళు సాగు చేసి, తర్వాత ఏళ్ళ తరబడి బీడు పెట్టేవారట. బీట్లో పొదలు లేచి, పశువులు మేసి, పేడ పడి నేల మళ్ళీ కోలుకునేది. నాన్నకు ఆరుగురు కొడుకులు, పొలం ఆరు ముక్కలైంది. బాబాకు ఇద్దరు భార్యల మీద పదముగ్గురు పిల్లలు పుడితే తొమ్మిది మంది బతికారు. ఇప్పుడు బీడు పెట్టడానికి జాగా లేదు. ఏటా అదే ఇసుకలో అదే సజ్జ, మధ్యలో బొబ్బర్లు. గాలికి పైమట్టి ఎగిరిపోతుంది. ఆ దేశంలో సజ్జ దిగుబడి హెక్టారుకు ఐదు క్వింటాళ్ళకు అటూ ఇటూ. నేల చిక్కిపోతే కలుపు తీయడానికీ, నీళ్ళు మోయడానికీ, కోత అయ్యాక నైజీరియాకో ఐవరీ కోస్ట్‌కో కూలికి పోయి డబ్బు పంపడానికీ ఇంకా చేతులు కావాలి. చేతులు పెరిగితే నేల ఇంకా చిన్న ముక్కలవుతుంది. వలస మాట వినగానే నాకు మా ఊరి బస్టాండు గుర్తొచ్చింది. దసరా వెళ్ళగానే మూటలతో, చంటి పిల్లలతో ముంబై బస్సు ఎక్కే జనం.

ఆ చేలో ఒక చెట్టు గురించి చెప్పకుండా ఉండలేను. గావో అంటారు. వానాకాలంలో అన్ని చెట్లూ చిగురిస్తే అది ఆకు రాల్చేస్తుంది. పచ్చటి సజ్జ మధ్య మోడులా నిలబడి ఉంది. కానీ దాని చుట్టూ పైరు మిగతా చేనుకంటే ముదురు ఆకుపచ్చగా, బలంగా ఉంది. ఎండాకాలంలో అదే ఆకులేసి నీడనిస్తుంది, కాయలు మేకలు తింటాయి. 1980ల నుంచి నైజర్ దక్షిణాన మారాడి, జిందర్ వైపు రైతులు ఇలాంటి చెట్ల మొలకలను పీకేయకుండా కాపాడుకుంటూ లక్షల హెక్టార్లలో పచ్చదనం తెచ్చారు. కంటి ముందు చూసిన పని ఇంకొకటి: సోడా సీసా మూతెడు ఎరువు ఒక్కో కుదురు దగ్గర వేయడం. బస్తాలు కొనలేని రైతు మూతెడైనా వేయగలడు. ఈ రెండూ గొప్ప పనులే. కానీ మనుషులు ఇరవై ఏళ్ళలోపే రెట్టింపవుతుంటే మూతెడు ఎరువు ఎంతవరకు పరుగెత్తి అందుకుంటుంది? రాత్రి గదిలో కూర్చుని ఇదే ఆలోచించేవాణ్ణి.

"నీకెంతమంది పిల్లలు?" అని బాబా అడిగాడు. ఇద్దరన్నాను. ఆయన ముఖం వాడిపోయింది. కుర్రాడితో నెమ్మదిగా ఏదో అన్నాడు. "మిగతావాళ్ళు పోయారా అని అడుగుతున్నారు" అన్నాడు కుర్రాడు. పోలేదు, ఇద్దరే పుట్టారన్నాను. ఆయన నమ్మలేదనుకుంటా. చేతులెత్తి నా కోసం దువా చేశాడు.

వీళ్ళకు ఎవరైనా చెప్పాలి అనుకుంటూ వెళ్ళిన నాకు ఆ క్షణం సిగ్గనిపించింది. మా నాయనమ్మకు తొమ్మిది కాన్పులు, నలుగురు మిగిలారు. బతుకుతారో లేదో తెలియనప్పుడు ఇద్దరితో ఎవరు ఆపుతారు? నైజర్‌లో 1990లో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో మూడు వందల మందికి పైగా ఐదేళ్ళు నిండకుండానే పోయేవారు. 2006 నుంచి చిన్నపిల్లలకూ గర్భిణులకూ ఉచిత వైద్యం పెట్టాక, పల్లెల్లో చిన్న ఆరోగ్య గదులు వచ్చాక ఆ చావులు బాగా తగ్గాయి. కానీ కాన్పులు అంత త్వరగా తగ్గవు. 2012 సర్వే ప్రకారం ఒక్కో స్త్రీకి సగటున ఏడుగురికి పైగా పిల్లలు. ఎంతమంది కావాలని అడిగితే ఆడవాళ్ళు తొమ్మిది అన్నారు, మగవాళ్ళు పది దాటించారు.

ఆ ఊరి ఆరోగ్య గదిలో పనిచేసే ఆమె నన్ను కూర్చోబెట్టి రిజిస్టర్ చూపించింది. గర్భం రాకుండా వేసే ఇంజెక్షన్ కోసం వచ్చేవాళ్ళలో కొందరు భర్తకు తెలియకుండా వస్తారట. జిందర్ వైపు 2007లో 'భర్తల బడి' మొదలుపెట్టారని, మగవాళ్ళే కూర్చుని కాన్పులు, ఎడం గురించి మాట్లాడుకుంటారని ఆమె ఉత్సాహంగా చెప్పింది. తర్వాత గొంతు తగ్గించి, "పెళ్ళి ఆగితేనే ఏదైనా ఆగుతుంది" అంది. అక్కడ నలుగురు ఆడపిల్లల్లో ముగ్గురికి పద్దెనిమిది రాకుండానే పెళ్ళి. మా నాయనమ్మకు పన్నెండేళ్ళకు, మా అమ్మకు పదహారుకు, నా బిడ్డకు డిగ్రీ అయ్యాక ఇరవై ఐదుకు. మా ఇంట్లో కాన్పుల లెక్క మారిన దారి ఇదే. నాకు ఇంకో దారి తెలియదు.

బాబా మనవరాలు ఒకతె ఆ ఏడాది ప్రాథమిక పరీక్ష పాసైంది. ఊళ్ళో పై తరగతుల్లేవు. సే పట్నంలో ఉన్నాయి. అక్కడ మేనత్త ఇల్లుంది. కానీ పిల్లను ఉంచుకున్నందుకు తిండికి సజ్జలు పంపాలి. చేటెడు గింజలున్న గుమ్మి ముందు నిలబడి ఆ మాట మాట్లాడుకున్నాం. ఆ అమ్మాయి రోకలి ఆపి వింది. పదమూడేళ్ళుంటాయి. బాబా ఔననలేదు, కాదనలేదు. "కోత కానీ" అన్నాడు.

అక్టోబరు చివర్లో కుర్రాడు ఫోన్లో ఫొటోలు పంపాడు. కట్టలు కట్టిన కంకులు, నిండిన గుమ్మి. పంట ఫరవాలేదని రాశాడు. అమ్మాయి సంగతి అడిగాను. రెండు రోజుల తర్వాత జవాబొచ్చింది. మొదట దంచిన బస్తా గాడిద బండి మీద సే వెళ్ళిందట. దాని మీద కూర్చుని ఆ పిల్ల కూడా వెళ్ళిందట.