క్రియాటిన్ బాగానే ఉంది, గడ్డ మాత్రం ఉంది: నా అనుభవం

నా కుడి కిడ్నీలోంచి తీసిన కేన్సర్ గడ్డ బయాప్సీ రిపోర్టు మొన్న మంగళవారం చేతికొచ్చింది. కోసిన అంచుల్లో ఏమీ మిగల్లేదని రాసుంది. సోంపేటలో నా కుట్టుకొట్టు తలుపు తీసి, నెలపైగా పడున్న ఒక జాకెట్టు గుడ్డ కత్తిరించి పక్కన పెట్టాను. మిషన్ తొక్కొద్దన్నారు కాబట్టి కుట్టలేదు. చేతులు ఖాళీగా ఉన్నాయి, కోపం ఇంకా చల్లారలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, మందస అంటే కొబ్బరితోటలూ జీడితోటలూ గుర్తొచ్చే రోజులు పోయి చాలాకాలమైంది. ఇప్పుడు కిడ్నీ జబ్బులే గుర్తొస్తాయి. మా పెద్ద బావగారు మూడేళ్లు డయాలసిస్ మీద ఉండి పోయారు. మా వీధిలో అలా గోడమీద ఫోటోలైనవాళ్లు ఇంకో నలుగురున్నారు. ఈ జబ్బు ఎందుకొస్తోందో, ఎందరు వచ్చి ఎన్ని పరిశోధనలు చేసినా ఇదీ అని తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు, వంశధార నీళ్లు పైపుల్లో తెచ్చారు. ఇంత జరిగిన చోట కిడ్నీ గురించి మాకు ఒకరు చెప్పాలా అనుకుంటాం. కిడ్నీలు ఎలా ఉన్నాయో చూసే రక్తపరీక్ష క్రియాటినిన్, మా నోట్లో క్రియాటిన్. మా దగ్గర చదువురాని ముసలమ్మకి కూడా తన క్రియాటిన్ అంకె తెలుసు. డ్వాక్రా వాయిదా కట్టావా అని అడిగినంత మామూలుగా "క్రియాటిన్ ఎంతొచ్చిందే?" అని అడుగుతారు.

ఆ అంకెని నమ్ముకునే నేను విలువైన రోజులు పోగొట్టుకున్నాను.

కార్తీకమాసంలో ఒక ఉదయం మూత్రం ఎర్రగా వచ్చింది. నొప్పి లేదు, మంట లేదు, జ్వరం లేదు. ముందురోజు బీట్‌రూట్ వండాను, అదేలే అనుకున్నాను. మర్నాటికి మామూలైపోయింది. సంక్రాంతికి వారం ముందు మళ్లీ వచ్చింది. ఈసారి బీట్‌రూట్ లేదు. పండగ కుట్లు మీదపడి పొద్దస్తమానం మిషన్ దగ్గరే కూర్చుంటున్నాను, నీళ్లు తాగడం లేదు, వేడి చేసిందనుకున్నాను. కొబ్బరిబొండాలు, బార్లీ నీళ్లు, సబ్జా గింజలు. రెండు రోజుల్లో తగ్గింది. కిడ్నీలో గడ్డ ఉన్నా రక్తం రోజూ రాదని, వచ్చి మళ్లీ వారాలపాటు మాయమైపోవచ్చని నాకు అప్పుడు తెలీదు. తగ్గే ముందు ఏది మింగితే దానికే పేరు. మొదటిసారి ఆ పేరు బొండాలకి వచ్చింది, ఆ తర్వాత మా టౌన్లో ఒక డాక్టరుగారి మాత్రలకి వచ్చింది.

ఆయన మూత్రం పరీక్ష కూడా రాయకుండా ఇన్‌ఫెక్షన్ అని ఐదు రోజుల మాత్రలిచ్చారు. మళ్లీ వస్తే రంగు మార్చి ఇంకో ఐదు రోజులకిచ్చారు. మూడోసారి నేనే అడిగి కల్చర్ చేయించుకున్నాను. క్రిములేవీ పెరగలేదని వచ్చింది. కల్చర్‌కి మాత్రలు మొదలెట్టకముందే ఇవ్వాలట, అదీ ఎవరూ చెప్పలేదు. పనిలోపనిగా క్రియాటిన్ కూడా చేయించాను. 0.8.

మా తోటికోడలు ఆ కాగితం చూసి, "ఓలప్పా, నీకేటవ్వదు, రాయిలాగున్నావు" అంది. అండమాన్‌లో పనికెళ్లిన మా ఆయన ఫోన్లోనే దేవుడికి దండం పెట్టారు. ఆ రాత్రి ఇంటిల్లిపాదీ హాయిగా నిద్రపోయాం. ఎర్రగా రావడం మాత్రం ఆగలేదు.

రెండు కిడ్నీలూ కలిసి రక్తాన్ని ఎంత బాగా వడగడుతున్నాయో చెప్పే లెక్క క్రియాటినిన్ అని తర్వాత విశాఖలో డాక్టరుగారు చెప్పారు. వడకట్టే శక్తి సగానికి సగం పోతేగాని ఆ అంకె పెద్దగా కదలదట. ఒక కిడ్నీలో ఓ మూల గడ్డ పెరుగుతున్నా మిగతా భాగమూ రెండో కిడ్నీ కలిసి పని లాక్కొచ్చేస్తాయి. మా ఉద్దానం జబ్బులో మామూలుగా ఇలా కళ్లకి కనిపించేంత రక్తం పోదు. నాకు పోతోంది. ఆ తేడా ఒక్కరికైనా తట్టి ఉండాల్సింది, నాతో సహా.

మాఘమాసంలో ఒకరోజు మూత్రంలో సన్నటి వానపాములాంటి రక్తపు గడ్డ పడింది. కుడి డొక్కలో పోటు. భయమేసి బస్సెక్కి జిల్లా కేంద్రంలో ఒక నర్సింగ్‌హోమ్‌కి వెళ్లాను. ఆడమనిషి, రక్తం అనేసరికి కౌంటర్లో అమ్మాయి ఇంకేమీ అడక్కుండా గైనిక్‌కి చీటీ రాసేసింది.

ఆ గదిలో తెర కూడా లేదు. నా తర్వాత చూపించుకోవాల్సిన ముగ్గురు లోపలే బెంచీ మీద కూర్చున్నారు. కాంపౌండర్ కుర్రాడు రిపోర్టులు పట్టుకుని లోపలికీ బయటికీ తిరుగుతున్నాడు. మూత్రంలో రక్తం వస్తోందండీ అని డాక్టరమ్మతో అన్నాను.

"నెలసరి ఎప్పుడొచ్చింది?"

"ఆగిపోయి పద్నాలుగు నెలలైందండీ."

"అయితే మళ్లీ మొదలైందన్నమాట."

"అది కాదండీ. మూత్రంలోనే వస్తోంది."

ఆవిడ పెన్ను కింద పెట్టి నా ముఖంలోకి చూసింది. "ఎక్కణ్ణించి వస్తోందో నీకెలా తెలుసు? వంగి చూశావా?"

బెంచీ మీద ఎవరో కిసుక్కుమన్నారు. ఆ కుర్రాడు తల దించుకుని నవ్వుకున్నాడు. నాకు నలభై తొమ్మిదేళ్లు. ఇద్దర్ని కన్నాను. ముప్పై ఏళ్లపైగా నెలనెలా గుడ్డలు ఉతుక్కున్నాను. నా ఒంట్లో రక్తం ఎటునుంచి వస్తోందో నాకు తెలీదట. అప్పటికప్పుడు ఒక్క మాట పెగల్లేదు. ఇప్పటికీ నిద్ర పట్టనప్పుడు ఆ గదిలోకి మళ్లీ వెళ్లి రకరకాల జవాబులు చెప్పి వస్తుంటాను.

స్కాన్ రాశారు, పొత్తికడుపు వరకే. జెల్లు పూసి బొడ్డు కిందే అటూ ఇటూ తిప్పి లేపేశారు. ఇంకో జానెడు పైకి జరిపి ఉంటే దొరికిపోయేది. గర్భసంచి కాస్త ఉబ్బింది, చిన్న ఫైబ్రాయిడ్ ఉంది అని రిపోర్టు. "ఆగిపోయాక రక్తం వస్తే ఊరుకోకూడదు, తీయించేద్దాం" అని వచ్చే సోమవారానికి తారీకు వేసి 5,000 అడ్వాన్సు కట్టమన్నారు. కట్టేశాను కూడా. అంత సిగ్గుపడ్డాక అక్కణ్ణించి బయటపడితే చాలనిపించింది.

నెలసరి ఆగిపోయాక రక్తం కనిపిస్తే పరీక్ష చేయించుకోవాల్సిందే, ఆవిడ ఆ మాట తప్పు చెప్పలేదు. కానీ పరీక్ష అంటే గర్భసంచి లోపలి పొర ముక్క తీసి చూడటం. ఏ ముక్కా చూడకుండా సంచి మొత్తం తీసేస్తానంటే ఏమనాలి? దేశంలో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు ఎక్కువున్న రాష్ట్రాల్లో మనది ముందు వరసలో ఉంటుంది. మా వీధిలోనే ఐదుగురున్నారు, ముగ్గురికి నలభై కూడా నిండకముందే తీసేశారు. ఆడదానికి ఏ నొప్పొచ్చినా తిప్పి తిప్పి ఆ సంచి దగ్గరికే తీసుకొస్తారు. అందరు డాక్టర్లనీ అనడం లేదు. కొందరిని మాత్రం అంటాను.

తిరుగు బస్సులో నిజంగా నాకే తెలీదేమో అనే అనుమానం మొదలైంది. నవ్విన నవ్వుల కంటే ఆ అనుమానం ఎక్కువ బాధపెట్టింది. టెక్కలి దాటాక తట్టింది. కొత్త లైనింగు గుడ్డ రంగు దిగుతుందో లేదో చూడ్డానికి మేమేం చేస్తాం? తెల్లగుడ్డ ముక్క తడిపి అద్ది చూస్తాం. రంగు అంటిందా, దొంగ దొరికినట్టే.

ఇంటికొచ్చి అదే చేశాను. ఇలాంటివి రాస్తారేటప్పా అని మా తోటికోడలు అంటోంది. రాస్తాను. శుభ్రమైన దూది ఉండ చేసి నెలసరి వచ్చే దారిలో పెట్టుకున్నాను. గంటాగి ఒక గాజు సీసాలో మూత్రం పట్టాను. సీసాలో దానిమ్మరసంలా ఉంది. దూది తీసి దీపం కింద పెట్టి చూశాను. తెల్లగా ఉంది, తానులోంచి అప్పుడే చింపిన పాప్లిన్ ముక్కలా. నమ్మకం కుదరక మర్నాడు పొద్దున మళ్లీ చేశాను, మధ్యాహ్నం మళ్లీ చేశాను. మూడుసార్లూ అంతే. నేను పదో తరగతి తప్పినదాన్ని. అన్నేళ్లు చదివినవాళ్లకి తట్టనిది నాకు తట్టింది. గొప్పలు చెప్పుకుంటోందనుకుంటే అనుకోండి.

సీసా మూత బిగించి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి, విశాఖ రైలెక్కాను. అక్కడ మా అబ్బాయి డిప్లొమా చదువుతున్నాడు. ఒళ్లో పెట్టుకున్న సీసా చూసి ఎదుటి సీటామె "ద్రాక్షరసమాండీ?" అని అడిగింది. అవునన్నాను.

యూరాలజీ డాక్టరు మగాయన. దూది సంగతి చెప్తుంటే నా చెవులు కాలిపోయాయి. ఆయన నవ్వలేదు. సీసాని కిటికీ వెలుగుకి పెట్టి చూసి, "ఎరుపు మొదట్లో వస్తుందా, చివర్లో వస్తుందా, మొత్తం వస్తుందా అమ్మా?" అన్నారు. మొత్తం అన్నాను. వానపాము సంగతి చెప్పాను. కిడ్నీ నుంచి దిగే సన్న గొట్టంలో రక్తం గడ్డకడితే ఆ ఆకారం వస్తుందట. శ్రీకాకుళం జిల్లా అనగానే చుట్ట కాలుస్తావా అని అడిగారు. మా అత్తగారు నిప్పు నోట్లో ఉండేలా అడ్డచుట్ట కాల్చేవారు గాని నాకు అలవాటు లేదన్నాను. పొగ, లావెక్కిన ఒళ్లు, బీపీ, ఈ మూడూ కిడ్నీ కేన్సర్‌కి దారితీసేవేనట. బీపీ చూస్తే 150 పైనుంది. అంతకుముందు ఎప్పుడూ చూపించుకోలేదు.

అరగంటలో పొట్ట మొత్తం స్కాన్ చేశారు. కుడి కిడ్నీలో గడ్డ. మర్నాడు రంగుమందు ఎక్కించి సీటీ తీశారు. ఆ మందు ఎక్కించే ముందు క్రియాటినిన్ ఎంత అని అడిగారు, నా 0.8కి అక్కడ ఒక ఉపయోగం దొరికింది. మూత్రాశయంలోకి కెమెరా గొట్టం వేసి అక్కడేమీ లేదన్నారు.

సీటీ రిపోర్టు శుక్రవారం సాయంత్రం ఇచ్చారు. డాక్టరుగారు మళ్లీ సోమవారం గాని ఉండరు. కవరు విప్పకూడదనుకున్నాను, లాడ్జి మెట్లెక్కే లోపే చింపేశాను. ఆ ఇంగ్లీషులో నాకు అర్థమైంది ఒక్క అంకె: 3.8 సెంటీమీటర్లు. సంచిలో టేపు ఎప్పుడూ ఉంటుంది. తీసి చూసుకున్నాను. అంగుళంన్నర. జాకెట్టు చేతికి వేసే సన్న జరీ అంచంత. మా అబ్బాయి మిగతా మాటలు ఫోన్లో కొట్టి చూసి, అమ్మా టీ తాగుదామా అన్నాడు. వాడు టీ తాగడు.

ఆ మూడు రాత్రుల గురించి చెప్పాలి. కేన్సర్ అంటే జుట్టు ఊడిపోవడం కళ్లముందుకొచ్చేది, కిడ్నీ అంటే బావగారి చేతిమీద తాడులా ఉబ్బిన డయాలసిస్ నరం కళ్లముందుకొచ్చేది. రెండు జబ్బులూ కలిపి ఎక్కడా లేని మూడో జబ్బొకటి కుట్టుకున్నాను. రాత్రి రెండింటికి మెలకువొచ్చి డొక్క నొక్కి చూసుకునేదాన్ని, గడ్డ చేతికి తగులుతుందేమోనని. పదిహేనేళ్ల నడుంనొప్పి కూడా కేన్సరే అనిపించింది. (మిషన్ నొప్పి అని డాక్టరుగారు సోమవారం ఒక్క ముక్కలో తేల్చేశారు.) ధైర్యంగా ఉండు అని ఫోన్ చేసినవాళ్లందరి మీదా చిరాకు. రెండోరోజు నుంచి మా తోటికోడలు ఫోన్ తప్ప ఎవరిదీ ఎత్తలేదు, మా అబ్బాయి నా ఫోన్లో నెట్ తీసేశాడు. కాస్తో కూస్తో పనిచేసింది నా కొలతల పుస్తకం. మెలకువొచ్చినప్పుడల్లా లేచి దాని వెనక పేజీలో భయాన్ని ప్రశ్నగా మార్చి రాసేదాన్ని. రాశాక అది పొద్దుటి దాకా ఆగేది. సోమవారానికి పద్నాలుగు ప్రశ్నలయ్యాయి.

అన్నీ వరసగా చదివాను, ఆయన అన్నిటికీ చెప్పారు. సూదితో ముక్క తీయరా అంటే, ఇలాంటి గడ్డ చాలావరకు సీటీలోనే తెలిసిపోతుంది, అనుమానం ఉన్నప్పుడే సూది అన్నారు. కీమో ఉంటుందా అంటే, ఈ కేన్సర్‌కి మామూలు కీమో పెద్దగా పనిచేయదు, ఆపరేషనే వైద్యం అన్నారు. కిడ్నీ మొత్తం తీసేస్తారా అంటే, 4 సెంటీమీటర్ల లోపుంటే వీలైనంతవరకు గడ్డ వరకే తీసి మిగతాది ఉంచుతామన్నారు. డయాలసిస్ పడుతుందా అన్న ప్రశ్న చివరికి పెట్టుకున్నాను. చదవడానికి గొంతు రాలేదు, పుస్తకం ఆయన వైపు తిప్పాను.

"రెండో కిడ్నీ శుభ్రంగా ఉందమ్మా. ఇది మీ ఊరి జబ్బు కాదు" అన్నారు.

కేన్సర్ అని విన్నప్పుడు ఏడవని నేను ఆ మాటకి కుర్చీలోనే ఏడ్చేశాను.

ఆరోగ్యశ్రీ, అదే ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్నారు, కార్డు మీద అనుమతి ఇబ్బంది లేకుండానే వచ్చింది. అంతకుముందు స్కాన్లకి మాత్రం చేతి డబ్బే. ఆపరేషన్ ఫాల్గుణంలో అయింది. గడ్డ వరకే తీశారు. రెండు రోజులు దగ్గితే ప్రాణం పోయినట్టుండేది, అంతే.

కళ్లకి కనిపించేలా మూత్రంలో ఒక్కసారి రక్తం వచ్చినా, నొప్పి లేకపోయినా, దానంతటదే తగ్గిపోయినా, పొట్ట మొత్తం స్కాన్ చేయించండి. చీటీమీద ఏ భాగానికి రాశారో చదివించుకోండి. చాలామందికి రాయో ఇన్‌ఫెక్షనో అని తేలుతుంది, ముందే చచ్చిపోకండి. ఈ గడ్డ చాలామందికి ఏ గుర్తూ ఇవ్వదట, వేరే దేనికో స్కాన్ తీస్తే బయటపడుతుందట. నీకు రక్తం రావడమే మంచిదైంది అన్నారు డాక్టరుగారు. నలుగురి ముందు నిలబెట్టి అడిగే చోట అడ్వాన్సు కట్టకండి.

ఆర్నెల్లకి మళ్లీ సీటీ. భాద్రపదంలో పెళ్లిళ్లుండవు, కుట్టుపని తక్కువ, అప్పటికే రాయించుకున్నాను. నా 5,000 మాత్రం ఇంకా తిరిగి రాలేదు. రెండుసార్లు ఫోన్ చేశాను. రెండుసార్లూ కౌంటర్లో అదే అమ్మాయి ఎత్తి, "ఆపరేషన్‌కి ఎప్పుడొస్తారు మేడం?" అని అడిగింది.