తిరగేసి చూసే పిల్లాడు

మావాడి చేతికి ఏ బొమ్మ ఇచ్చినా ముందు తిరగేసి అడుగు చూస్తాడు. ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో శనివారాలు వాడి వెంట ఛారిటీ షాపులు తిరిగీ తిరిగీ నాకూ అదే అలవాటైంది. జనం ఇచ్చేసిన సామాన్లు అమ్మి, ఆ డబ్బు సేవకు వాడే కొట్లవి. ఆక్స్‌ఫామ్ అనే సేవాసంస్థ వాళ్లు ఆక్స్‌ఫర్డ్‌లో 1940ల చివర్లోనే ఒకటి తెరిచారు.

మావాడి వేటంతా మ్యాచ్‌బాక్స్ అనే చిన్న బొమ్మ కార్ల కోసం. అడుగున 'లెస్నీ' అని అచ్చు ఉంటే కారు పాతదన్నమాట. వాటిని చేసిన ఆ కంపెనీ 1982లో దివాలా తీసింది. ఇంకా పాతవి కావాలంటే చక్రాలు చూడాలి. 1968లో పోటీగా హాట్‌వీల్స్ కార్లు వచ్చి రయ్యిన దూసుకుపోతుంటే, తట్టుకోవడానికి లెస్నీ వాళ్లూ 1969 నుంచి సన్నటి ఇరుసులున్న సూపర్‌ఫాస్ట్ చక్రాలకు మారారు. రంగు పెచ్చులూడినవి మాత్రం చంటిదాని చేతికి ఇవ్వనివ్వను, పాత పెయింట్లలో సీసం ఉండొచ్చు.

ఈ ఆగస్టులో వాడు తన ఎర్ర డబుల్ డెక్కర్ బస్సుని విజయనగరం తెచ్చి మా అమ్మకి చూపించాడు. అడుగున ఎవరో పిల్లాడు పేరు గీక్కున్నాడు.

"ఏటిరా, ఎవరో ఆడి పారేసినవి ఇంట్లోకి తేవడమేటి?"

గంటస్తంభం దగ్గర ఛారిటీ షాపు ఉంటుందా అని మావాడు అడిగాడు. ఏం చెప్పను? మా ఇంట్లో అన్న చొక్కా తమ్ముడికి, సీనియర్ల పుస్తకాలు సగం ధరకి వచ్చేవి. వాడిన వస్తువుకి ఎవరం అడ్డుచెప్పలేదు, ఎవరిదో తెలిస్తే చాలు. తెలియకపోతే అమ్మకి జంకు. మావాడికి సరిగ్గా అక్కడే మజా. (పాత చీరలు వేసి స్టీలు గిన్నె తీసుకున్నప్పుడు, వాటినెవరు కడతారో అమ్మ ఏనాడూ అడగలేదనుకోండి.)

వాడి పోరు పడలేక అమ్మ అటక మీది కొలువు బొమ్మల పెట్టె దింపించింది. అందులో తన అత్తగారి నాటి ఏటికొప్పాక లక్క బొమ్మలున్నాయి. మావాడు ఒక్కొక్కటీ తిరగేశాడు. అచ్చు లేదు, ఏడాది లేదు. అంకుడు కర్రని తిప్పుతూ లక్క ఒత్తితే ఆ రాపిడి వేడికే రంగు కరిగి పట్టుకుంటుందని చెప్పాను. వింటూనే ఫోన్ తీసి, ఇలాంటివి ఎంతకి అమ్ముడయ్యాయో వెతకడం మొదలెట్టాడు.

నాకు మంట పుట్టేది ఇక్కడే. వేట బాగుంటుంది, చరిత్రా వస్తుంది. కానీ కనబడ్డ ప్రతిదానికీ రేటు చూడటం నాకు గిట్టదు. ఫోన్ లాక్కుని, నానమ్మ పెట్టెకి రేటు కట్టకూడదని గట్టిగానే చెప్పాను. వాడు మూతి ముడుచుకున్నాడు.

అమ్మ మాత్రం ఏమీ అనుకోలేదు. బస్సుని అటూ ఇటూ తిప్పి చూసి, "కొలువులో పార్కు పక్కన రోడ్డు పెడతాం కదా, దీన్ని సంక్రాంతికి ఇక్కడే ఉంచేయ్. పసుపు నీళ్లతో కడిగి పెడతాలే" అంది.

ఇస్తాడా లేదా అన్నది ఇంకా తేలలేదు. రెండు లక్క పిడతలు బదులిస్తే ఆలోచిస్తానంటున్నాడు.