పాత ప్రింటర్‌లోంచి పుట్టిన అంతరిక్ష నౌక: నా అనుభవం

కిట్ కొని, అందులో చెప్పినట్టు అతికించిన మోడళ్లు మా ఇంట్లో చాలానే ఉన్నాయి. ఏ కిట్‌లోనూ లేని నౌకను, నా బుర్రలో మాత్రమే ఉన్నదాన్ని కట్టాలన్నది ఎప్పట్నుంచో ఉన్న కోరిక. పాతకాలం సినిమా వాళ్లు చేసిందీ అదే. 1968 నాటి ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ కోసం చేసిన డిస్కవరీ నౌక పెద్ద మోడల్ పొడవు 54 అడుగులు. దాని మీదా, 1977 నాటి ‘స్టార్ వార్స్’ నౌకల మీదా కనిపించే సన్నసన్న భాగాల్లో చాలా వాటిని షాపుల్లో దొరికే ట్యాంకు, విమానం కిట్లలోంచి తీసి అంటించారు. ఇలాంటి ముక్కల్ని మోడల్ కట్టేవాళ్లు గ్రీబుల్స్ అంటారు.

నేను కట్టాలనుకున్నది సరుకు మోసే నౌక. అసలు నౌక 60 మీటర్లు ఉంటుందనుకుని 1/144 స్కేలు, అంటే అసలులో 144వ వంతు కొలత పెట్టుకున్నాను. ఆ లెక్కన మోడల్ దాదాపు 42 సెంటీమీటర్లు. ఈ స్కేల్లో మనిషి ఎత్తు 12 మిల్లీమీటర్లు, తలుపు 14. అట్టముక్కతో అంత మనిషిని కత్తిరించి టేబుల్ మీద పెట్టుకున్నాను. ఏ ముక్క అంటించాలన్నా ముందు ఆ మనిషిని పక్కన నిలబెట్టి చూడాల్సిందే. ఈ తలుపులోంచి దూరగలడా? ఈ నిచ్చెన ఎక్కగలడా?

సామాన్ల కోసం హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ ఆదివారం సంతకు వెళ్లాను. అక్కడ దొరికిన పాడైపోయిన ప్రింటర్ నిజంగా నిధి. కోఠి గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్ భాగాల వేడిని లాగేసే రెక్కల ముక్క, అల్యూమినియం హీట్ సింక్ ఒకటి తీసుకున్నాను. నౌకకు వెన్నెముకగా ప్లంబింగ్ పైపు, గోడలకు స్టైరీన్ అనే ప్లాస్టిక్ షీటు, మిగతా వాటికి పాత ట్యాంకు కిట్లలో మిగిలిన చక్రాలు.

అసలు చిక్కంతా ప్లాస్టిక్‌తోనే. ప్రింటర్ భాగాలను తిప్పి చూస్తే వెనకాల చిన్న అక్షరాలు అచ్చై ఉంటాయి. అవి ప్లాస్టిక్ రకం పేర్లు. ఏబీఎస్ అని ఉంటే పండగే. యాక్రిలిక్ పనివాళ్లు వాడే క్లోరోఫాం బ్రష్‌తో అంచుకు తాకిస్తే చాలు, రెండు ముక్కలూ కాస్త కరిగి ఒకటైపోతాయి. స్టైరీన్ కూడా అంతే. క్లోరోఫాం ఆవిరి మంచిది కాదు, అందుకే ఆ పనంతా బాల్కనీలోనే, గాలి ఆడేచోట. పళ్లచక్రాల మీద మాత్రం ఎక్కువగా పీవోఎం అని ఉంటుంది. అది నున్నగా జారే రకం. జిగురూ పట్టదు, రంగూ నిలవదు. కానీ ఆ పళ్ల అందం వదులుకోబుద్ధి కాలేదు. మధ్య రంధ్రంలోంచి ఇత్తడి తీగ దూర్చి, రెండువైపులా వంచి బిగించాను. ఫెవిక్విక్ చుట్టూ తెల్లటి పొగలాంటి మరక వదులుతుంది కాబట్టి దాన్ని లోపలి వైపే వాడాను.

ఖాళీ కనిపించిన చోటల్లా ముక్కలు అంటిస్తే నౌక కాదు, తుక్కు కుప్ప కనిపిస్తుంది. ప్రతి ముక్కకీ ఒక పని ఉండాలి. హీట్ సింక్‌ను ఇంజిన్ పక్కన రేడియేటర్‌గా పెట్టాను. అంతరిక్షంలో గాలి ఉండదు కాబట్టి నౌకలో పుట్టే వేడి రేడియేషన్ రూపంలోనే బయటికి పోవాలి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి అంత పెద్ద రేడియేటర్ పలకలు ఉన్నది అందుకే. ఇంజిన్ దగ్గర పైపులు కిక్కిరిసి ఉండాలి, సరుకు గదుల గోడలు మాత్రం బోసిగా ఉండాలి. బోసిగా ఉన్నచోటే నౌక ఎంత పెద్దదో కంటికి తెలుస్తుంది.

సందులకు ఎం-సీల్ నింపి, ఉప్పు కాగితంతో రుద్ది, బూడిద రంగు ప్రైమర్ కొట్టాను. ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే. అప్పటిదాకా తెలుపు పైపు, నల్ల ప్రింటర్ ముక్క, ఆకుపచ్చ ట్యాంకు చక్రం దేనికదే కనిపిస్తాయి. ఒక్క కోటింగ్‌తో అన్నీ ఒకే లోహంలో పోతపోసినట్టు అయిపోతాయి. ఆ తర్వాత రంగులు, సందుల్లోకి పారేలా నీళ్లలా పల్చగా కలిపిన గోధుమరంగు వాష్, అంచులకు పెన్సిల్ పొడి.

ఫొటోకి నల్ల చార్ట్ ముందు పెట్టి, సూర్యుడికి బదులు ఒకే ఒక్క దీపం వెలిగించి, ఫోన్‌ను నౌక ఎత్తుకు దించి తీశాను. చూసినవాళ్లు ఇది ఏ కంపెనీ కిట్ అని అడిగారు. గుజరాతీ గల్లీ షాపతను మాత్రం ఫొటో చూడగానే, “ఇది మన హీట్ సింకే కదన్నా!” అన్నాడు. కౌంటర్ కింద నుంచి కాలిపోయిన బోర్డుల డబ్బా తీసి నా ముందుకు జరిపాడు.