బిల్లు కాగితం పట్టుకుని జైసల్మేర్: జమ్మికాయ కూర నేర్చుకున్న నా అనుభవం

విజయవాడ వన్‌టౌన్‌లో మేము ఏళ్లుగా బట్టలు కొనే కొట్టు సేఠ్‌గారిది రాజస్థాన్‌లోని జైసల్మేర్ దగ్గరి పల్లె. జనవరిలో అమ్మను తీసుకుని అక్కడికి వెళ్తున్నానని చెప్పగానే, “మాస్టారూ, కోట ఎవరైనా చూపిస్తారు. ఏ వేళ బయట తిరగాలో, ఏం తినాలో నేను చెబుతాను” అంటూ బిల్లు కాగితం వెనుక రాసి ఇచ్చారు.

అందులో మొదటి మాట ఉన్ని బట్టల గురించి. దాన్నే మేము లెక్కచేయలేదు. ఎడారి అంటే ఎండే అనుకుని చెరొక శాలువాతో బయలుదేరాము. అక్కడి గాలిలో తేమ లేనందువల్ల పొద్దు వాలగానే నేల వేడంతా పైకి పోతుంది, జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత 10 డిగ్రీల లోపుకు దిగుతుంది. కృష్ణ ఒడ్డు ఉక్కకు అలవాటుపడిన అమ్మ ఆ మొదటి రాత్రి వణికిపోయింది. మర్నాడు బజారులో స్వెట్టర్లు కొన్న తరువాత కాగితంలోని ప్రతి మాటనూ పాటించాము: తెల్లవారుతూనే గడీసర్ చెరువు గట్టు, ఎండ ముదిరాక 1156లో రావల్ జైసల్ పునాది వేసిన కోటలోని ఇరుకు సందులు. ఇప్పటికీ జనం కాపురముంటున్న ఆ కోటలో ఎత్తైన పసుపు రాతి గోడలు మధ్యాహ్నం కూడా నీడనిస్తాయి. సాయంత్రం ఇసుక తిన్నెలకు అందరూ వెళ్లే సామ్ కాకుండా, పెద్దవాళ్లు నెమ్మదిగా నడవడానికి వీలుంటుందని ఖూరీ పేరు రాశారు.

ఖూరీ దారిలోనే అసలు విషయం తెలిసింది. చుట్టూ బీడు మధ్య ఒక ముళ్ల చెట్టును చూపించి డ్రైవరు “ఖేజ్డీ” అన్నాడు. అమ్మ దాని ఆకు చూసి, “ఒరేయ్, ఇది జమ్మి చెట్టురా!” అని చెప్పులు విడిచి దణ్ణం పెట్టింది. ముందురోజు మేము సజ్జరొట్టెలతో తిన్న కేర్ సాంగ్రీ కూరలో సాంగ్రీ అంటే ఈ చెట్టు లేత కాయలే. విజయదశమి నాడు పేర్లు రాసిన చీటీ కట్టి మొక్కడమే తప్ప, జమ్మికి తినదగిన కాయ ఉంటుందని నాకు అంతవరకు తెలియదు. ఏడాదికి సుమారు 200 మిల్లీమీటర్ల వాన పడే నేలలో లోతుకు వేళ్లు దించి నిలిచే ఈ చెట్టు వేసవిలో మనుషులకు కాయ, పశువులకు ఆకు ఇస్తుంది. 1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజడ్లీలో ఈ చెట్లను నరకనీయకుండా కౌగిలించుకుని అమృతాదేవితో సహా 363 మంది బిష్ణోయీ సమాజం వాళ్లు ప్రాణాలిచ్చారని చదివినప్పుడు వింతగా తోచింది. ఆ బీడులో నిలబడి చూశాక అందులో వింతేమీ కనిపించలేదు.

పావుకిలో ఎండు సాంగ్రీ, కొద్దిగా కేర్ కొనుక్కుని విజయవాడ వచ్చాము. మన ఒరుగుల్లాగే ఉన్నాయి కదా అని నేను వాటిని కలిపి ఉడికించి, గోరుచిక్కుడు కూరలా ఉల్లిపాయతో వేయించాను. కేర్ చేదుకు ఎవరూ రెండో ముద్ద తినలేకపోయారు. సేఠ్‌గారి భార్య విని, రెంటినీ కలిపి నానబెట్టకూడదని చెప్పారు. ఆకు దాదాపు లేని ముళ్ల పొదకు కాసే కేర్‌ను రాత్రంతా పుల్లమజ్జిగలో ఉంచితే చేదు విరుగుతుంది; సాంగ్రీకి ఉప్పునీళ్లు చాలు. తెల్లవారి నాలుగైదు నీళ్లు మార్చి కడిగి, మెత్తబడేవరకు ఉడికించి, నీళ్లు పూర్తిగా వార్చాలి. తరువాత ధారాళంగా నూనె పోసి జీలకర్ర, ఇంగువ, ఎండుమిరప తాలింపులో మగ్గించి, చివర ఎండుమామిడి పొడి చల్లాలి. ఉల్లి, నీళ్లు తగలనందువల్లే ఆ కూర ప్రయాణాల్లో రోజుల తరబడి నిలుస్తుందట. ఊరమిరపకాయలకు మజ్జిగ పట్టించే అమ్మకు ఈ పద్ధతి వెంటనే అర్థమైంది, నాకే రెండు ఆదివారాలు పట్టింది.

మూడో ఆదివారం చేసిన కూరను సజ్జరొట్టెలతో పాటు గిన్నెలో సర్ది వన్‌టౌన్‌కు పట్టుకెళ్లాను. సేఠ్‌గారు కొట్టులోనే నిలబడి తిన్నారు. పులుపు కుదిరిందని, నూనె ఇంకో గరిటె పడాలని చెప్పి, మిగిలిన కూరను ఇంట్లోవాళ్లకని మూతపెట్టి లోపల దాచారు.