ముక్కూ మొహం తెలియని వారికి వీణ అమ్మిన వేళ

మూడేళ్ల క్రితం మా పెద్దమ్మ వాయించిన తంజావూరు వీణ నా దగ్గరికి చేరిన తరువాత, పదహారేళ్లుగా నేను సాధన చేసిన బొబ్బిలి వీణను ఎవరైనా విద్యార్థికి అమ్మివేయాలని నిశ్చయించుకున్నాను. రెండు వీణలున్న ఇంట్లో ఒకటి తప్పకుండా మూలపడుతుంది. మూలపడిన వీణకు స్వరాలు పలికే మెట్ల మీద మకిలి పట్టడం, తీగలు బిగించే బిరడలు బిగుసుకుపోవడం సహజం. మా విజయనగరంలో కొనేవారు దొరకలేదు. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో తయారుచేసేవారే ఉండగా, 2011లో భౌగోళిక గుర్తింపు కూడా పొందిన ఆ వీణను కొత్తదే కొనుక్కుంటారు గానీ పాతదాని జోలికి ఎవరు వస్తారు? అందువల్ల పాత వస్తువులు అమ్ముకునే ఒక యాప్‌లో 22,000 రూపాయల ధరకు ప్రకటన పెట్టాను.

గంట తిరక్కుండానే ఒకాయన ఫోన్ చేశారు. తాను సైన్యంలో పనిచేస్తున్నానని, బదిలీ మీద వెళుతున్నందున వీణను చూడకుండానే పూర్తి సొమ్ము పంపుతానని, అందుకోసం తాను పంపే క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేయమని చెప్పారు. యూపీఐలో స్కాన్ చేయడమూ, పిన్ కొట్టడమూ మన ఖాతాలోంచి సొమ్ము పంపడానికే తప్ప, రావలసిన సొమ్ము తీసుకోవడానికి కాదని నాకు అప్పటికే తెలుసు. అయితే నిజం చెప్పాలంటే నాకు అనుమానం కలిగించినది క్యూఆర్ కోడ్ కాదు. ఆ మనిషి వీణ ఏ శ్రుతికి కట్టిందని అడగలేదు, ఒకే దుంగలోంచి చెక్కిన ఏకాండియా అతుకులదా అని అడగలేదు, మెట్లను స్వరానికి సరిచేయించి, అంటే మేళం కట్టించి, ఎంతకాలమైందని అడగలేదు. వాయించాలనుకునేవారు ధర కంటే ముందు శ్రుతి అడుగుతారు. ప్రశ్నలు లేని కొనుగోలుదారును నేను ఆనాటి నుంచి నమ్మడం మానేశాను. ఇటువంటి వారి చేతికి సొమ్ము చిక్కినవారు సిగ్గుపడి ఊరుకోకుండా, ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదులు తీసుకునే 1930 నంబరుకు ఫోన్ చేయాలి. సొమ్ము మరో ఖాతాకు తరలకముందే ఫిర్యాదు చేరితే దాన్ని నిలిపివేసే అవకాశం ఉంటుంది.

మోసగాళ్ల గురించి ఇంతకంటే ఎక్కువ రాయను, ఎందుకంటే నాకు అసలైన చిక్కు తెచ్చిపెట్టినది మోసగాడు కాదు, నాకంటే నిజాయతీ గల ఒక మనిషి. భోపాల్‌లో ఉద్యోగరీత్యా స్థిరపడిన ఒక తెలుగు కుటుంబం వారు తమ అమ్మాయి కోసం వీణ కావాలని రాశారు. శ్రుతి అడిగారు, తీగలు ఎప్పుడు మార్చారని అడిగారు, నాదం పలికే గుండ్రటి కుండ అడుగుభాగం ఫోటో అడిగారు. నేను ఒక కీర్తన వాయించి వీడియో పంపాను, వారు సొమ్ము పంపారు, నేను మే నెల రెండో వారంలో పెట్టె కట్టి లారీ సర్వీసులో వేశాను. ఎనిమిది రోజులకు చేరింది. మరునాడు ఆయన ఫోన్ చేసి, ఎంతో మొహమాటంగా, ప్రధాన తీగ అయిన సారణి మీద అయిదు మెట్లలో స్వరం సరిగ్గా పలకడం లేదని చెప్పారు.

వీణ తెలియనివారికి ఇక్కడ ఒక మాట చెప్పాలి. గిటారుకు ఉన్నట్లుగా వీణ మెట్లు కర్రలోకి దిగేసినవి కావు. తేనెమైనంలో బొగ్గుపొడి వంటివి కలిపి కట్టిన నల్లని గట్టు మీద 24 మెట్లను చెవితో స్వరం చూసుకుంటూ ఒక్కొక్కటిగా నిలబెడతారు. దీనినే మేళం కట్టడం అంటారు. మే నెల ఎండలో రేకు కప్పిన లారీలో ఆ మైనం మెత్తబడితే, ఒక మెట్టు వెంట్రుకవాసి వాలినా ఆ స్వరం పక్కకు పోతుంది. నేను పంపేటప్పుడు అన్నీ సరిగ్గా ఉన్నాయని నా నమ్మకం. తాము తెరిచేసరికే పోయి ఉన్నాయని వారి మాట. రెండూ నిజమే కావచ్చు. కానీ నా వీడియోలో కీర్తన ఉందే తప్ప మెట్టు మెట్టుకూ స్వరం లేదు, వారు పెట్టె తెరుస్తున్నప్పుడు వీడియో తీయలేదు. ఎవరి దగ్గరా ఆధారం లేనప్పుడు ఇద్దరు మంచివారు కూడా ఒకరినొకరు సందేహించుకుంటూ మాట్లాడవలసి వస్తుంది, అది డబ్బు పోవడం కంటే చేదుగా ఉంటుంది. పైగా ఆయనకు తెలిసినంతలో భోపాల్‌లో మేళం కట్టేవారు ఎవరూ లేరు. దసరాకు హైదరాబాదు వచ్చినప్పుడు కట్టించుకున్నారు, ఆ ఖర్చులో సగం నేను పంపాను. అయిదు నెలలు ఆ పిల్ల స్వరం తప్పిన వీణ ముందు కూర్చుంది.

ఆ తరువాత నేను కొన్నా, అమ్మినా ముందుగా ఒక కాగితం రాసుకుంటున్నాను. వాద్యంలో ఉన్న ప్రతి గీత, అతుకు, మరమ్మతు అందులో ఉంటాయి. దారిలో దెబ్బతింటే ఎవరు భరించాలి, తీగ తెగితే ఎవరిది, నచ్చకపోతే ఎన్ని రోజుల్లో తిప్పి పంపవచ్చు, ఆ రవాణా ఖర్చు ఎవరిది అన్నవి కూడా ఉంటాయి. ఇంత చాదస్తమా అని నవ్వినవారున్నారు, నవ్విన తరువాత వారే తమ వాద్యంలోని పగులు ఎక్కడుందో చెప్పారు. వీడియో పిలుపులో సారణి మీద కింది మెట్టు నుంచి పై మెట్టు వరకు ఒక్కొక్కటీ మీటి వినిపించమంటాను, అవతలివారి దగ్గర వాద్యం నిజంగానే ఉందని తెలియడానికి నా పేరూ ఆ రోజు తేదీ రాసిన కాగితాన్ని దాని పక్కన పెట్టి చూపమంటాను. వీలైతే ఆ ఊళ్లోని సంగీతం మాస్టారునో, టీచరునో పట్టుకుని, వారి సమయానికి తగిన రుసుము ఇచ్చి, వెళ్లి చూసి రమ్మని కోరతాను. వారి పది నిమిషాలకు పది వీడియోలు సాటిరావు.

పెట్టె కట్టడంలో నేను నేర్చుకున్నవి కొన్నే. సొరకాయ బుర్రను విప్పి వేరే పెట్టెలో పెట్టాలి. తీగలను పూర్తిగా విప్పకుండా బిగువు మాత్రమే సడలించి, తీగలను మోసే గుర్రం ఉన్న చోటును పెన్సిల్‌తో గుర్తుపెట్టి, తీగలకూ మెట్లకూ మధ్య మెత్తని గుడ్డ దూర్చాలి. వీణను మాత్రం నవంబరు, ఫిబ్రవరి నెలల మధ్యనే పంపాలి. ఇక కొరియరు ఖర్చు దగ్గర చాలామంది ఉలిక్కిపడతారు, ఎందుకంటే వారు లెక్కించేది అసలు బరువు కాదు, పెట్టె ఆక్రమించే చోటు. 130 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తు ఉన్న పెట్టె కొలతలను గుణించి 5,000తో భాగించే పద్ధతిలో లెక్కిస్తే, ఎనిమిది కిలోల వీణ దాదాపు 53 కిలోలుగా తేలుతుంది. ధర మాట్లాడుకునేటప్పుడే ఈ అంకె ఇద్దరికీ తెలిసి ఉండాలి. రసీదు మీద వస్తువు విలువ ఎంత రాశారో, నష్టం వస్తే బాధ్యత వస్తువు యజమానిదేనని ఎక్కడైనా చిన్న అక్షరాల్లో ఉందేమో చదివిన తరువాతే సంతకం చేయాలి.

పెద్దమ్మ వీణ సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. దాని అంచుల్లో పొదిగిన తెల్లని పలకలు చూసి ఒక సేకర్త మంచి ధర ఇస్తానన్నారు. పాత వీణల్లో అటువంటివి ఏనుగు దంతం కావచ్చు, జింక కొమ్ము కావచ్చు; వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఆ రెండింటి వ్యాపారమూ నిషిద్ధం. తాతలనాటిదని చెప్పినంత మాత్రాన అది చెల్లదు. నేను అమ్మదలచుకోలేదు కనుక సరిపోయింది.

కిందటి నవంబరులో మా మేనకోడలి కోసం మైసూరు నుంచి పాత వయొలిన్ కొన్నాను. లోపల పేరుమోసిన ఇటలీ వయొలిన్ల పేరైన స్ట్రాడివేరియస్ అనే చీటీ ఉందని అమ్మే ఆయన మురిసిపోతూ చెప్పారు. ఆ చీటీ అంటించిన ఫ్యాక్టరీ వయొలిన్లు జర్మనీ నుంచి లోకమంతటికీ లెక్కలేనన్ని వెళ్లాయని నేను చెప్పినప్పుడు ఆయన నొచ్చుకోలేదు, ధర కూడా తగ్గించలేదు. చీటీకి కాకుండా మైసూరులోని ఒక టీచరు చూసి చెప్పిన మాటకే నేను ధర కట్టాను గనుక బేరం కుదిరింది. సొమ్ములో మూడో వంతు వీడియో చూసినప్పుడు, మరో వంతు పెట్టె, రసీదు చూసినప్పుడు, మిగిలినది చేరిన మూడు రోజుల్లో అని రాసుకున్నాం. తీగల బిగువు పూర్తిగా పోతే లోపల నిలబెట్టిన చిన్న కర్ర పడిపోతుందని ఆయనే నాకు గుర్తుచేశారు. పెట్టె వచ్చిన ఉదయం నేను తెరుస్తుండగా మేనకోడలు మొదటి నుంచి చివరి వరకు ఫోన్‌లో వీడియో తీసింది. కర్ర నిలబడే ఉంది, మూడో తీగ తెగింది. తీగ ఖర్చు నాదేనని కాగితంలో ఉంది కనుక, మిగిలిన సొమ్ము ఆ సాయంత్రమే పంపాను.