సీరియల్ పిచ్చి
నిన్న అమ్మ సీరియల్ పెడితే పక్కన కూర్చున్నా, విలన్ కోడలికి పిచ్చి పట్టిందంట, ఎలా తెలిసిందయ్యా అంటే జుట్టు విరబోసుకుంది, కాటుక చెరిగిపోయింది, అద్దం ముందు పకపకా నవ్వుతోంది, ఆ నవ్వుని అన్ని యాంగిల్స్‌లో తిప్పి తిప్పి చూపించారు. తర్వాత మంచానికి కట్టేసి, మెలకువగా ఉండగానే కరెంట్ షాకులు. ఒరేయ్ బాబూ, మత్తుమందు, కండరాలు వదులయ్యే మందు ఇవ్వకుండా ఈసీటీ, అంటే ఈ కరెంట్ షాక్ చికిత్స, చేయడం 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టంలోనే నిషేధం. ఆ రైటర్లకి ఎవరైనా చెప్పండి.

మా పిన్నికి బైపోలార్, అంటే మూడ్ కొన్నాళ్లు మరీ పైకి, కొన్నాళ్లు మరీ కిందకి పోయే జబ్బు. ఏళ్లుగా దానికిచ్చే లిథియం మందు వేసుకుంటుంది, టైంకి బ్లడ్ టెస్ట్ చేయించుకుంటుంది, ఆవకాయ పెట్టిందంటే కాలనీ మొత్తం డబ్బాలు పట్టుకుని వచ్చేస్తారు. బాగా ఎక్కువైన రోజుల్లో కూడా కత్తి పట్టుకుని ఎవరి మీదకీ పోలేదు, నిద్ర మానేసి రాత్రి రెండింటికి బీరువా సర్దేది, గుక్క తిప్పుకోకుండా మాట్లాడేది, అక్కర్లేని చీరలు కొనేసేది, అంతే. ఇది చూపిస్తే టీఆర్పీ రాదు కదా.

కామెడీ షోలు ఇంకా ఘోరం, ఎర్రగడ్డ పేరెత్తితే చాలు జనం నవ్వాలి, నిజంగా అక్కడికి వెళ్ళాల్సినవాడు ఆ నవ్వు విని ఇంట్లోనే ఆగిపోతాడు. కింద స్క్రోలింగ్‌లో టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) నంబర్ 14416 వేయొచ్చుగా, ఫ్రీనే, తెలుగులో కూడా మాట్లాడతారు. జ్యోతిష్యం నంబర్లు వేస్తున్నారు మరి.