సెయింట్ పియర్ అంటే ఒక్క అగ్నిపర్వతమేనా?

కరీబియన్‌లోని మార్టినిక్ దీవిలో సెయింట్ పియర్ అని ఒక ఊరుంది. ఆ పేరు విన్నవాళ్లు ఎవరైనా చెప్పేది ఒకటే కథ, 1902లో అగ్నిపర్వతం పేలి ఊరు మొత్తం పోయిందని, జైలు గదిలో ఉన్న ఖైదీ ఒక్కడే బతికాడని. కథ బాగానే ఉంటుంది కానీ అంతకు ముందు ఆ ఊరు 267 ఏళ్లు బతికింది కదా, దాని సంగతేంటి?

1635లో ఫ్రెంచివాళ్లు దిగిన చోటు ఇది. చక్కెర, రమ్ము ఇక్కడి నుంచే ఓడలెక్కేవి. పాలన అంతా అదే దీవిలోని ఫోర్ట్ డి ఫ్రాన్స్ నుంచి నడిచినా డబ్బు, దర్జా మాత్రం సెయింట్ పియర్‌వే. 1786లో కట్టిన థియేటర్‌లో సుమారు 800 మంది కూర్చునేవాళ్లు. ‘కరీబియన్ పారిస్’ అని ఇప్పటికీ మురిసిపోతూ రాస్తుంటారు. ఆ సోకులన్నీ బానిసల రెక్కల కష్టం మీద నడిచినవే, ఆ ముక్క ఎగరగొట్టి థియేటర్ గొప్పలు చెబితే నాకు ఒళ్లు మండుతుంది.

అసలు ఈ ఊరి చరిత్రలో అందరికీ తెలియాల్సింది 1848 మే నెల. బానిసత్వం రద్దు చేస్తూ పారిస్‌లో ఏప్రిల్ 27నే ఉత్తర్వు వచ్చింది, కానీ ఆ కాగితం ఓడెక్కి సముద్రం దాటి రావాలి. ఈలోగా ఊరికి ఉత్తరాన ఒక తోటలో, కర్రపెండలం తురుముతున్న వాళ్లకు ఊపు కోసం రోమెయిన్ అనే బానిస డోలు వాయించాడు. అక్కడ అది నిషేధం, అతనేమో ఆపలేదు, తీసుకొచ్చి సెయింట్ పియర్ జైల్లో పడేశారు. జనం కదిలి వచ్చారు, అతన్ని వదలక తప్పలేదు, అయినా గొడవ చల్లారలేదు, కాల్పులు జరిగాయి, మే 22 రాత్రి ఊళ్లో మంటలు లేచాయి. మర్నాడే గవర్నర్ బానిసత్వం రద్దయిందని ప్రకటించాడు. పారిస్ ఉత్తర్వు చేరింది ఆ తర్వాతే! అందుకే అక్కడ మే 22 సెలవు రోజు.

తోటల యజమానులు ఊరుకుంటారా, కూలీల కోసం ఇండియా వైపు చూశారు. 1853 మేలో మనవాళ్లతో మొదటి ఓడ ఈ రేవుకే వచ్చింది. వచ్చినవాళ్లలో ఎక్కువమంది తమిళులు.

ఇక 1902. ఏప్రిల్ చివరి నుంచే పెలే కొండ బూడిద కక్కుతోంది. మే 5న వేడి బురద ముంచుకొచ్చి ఒక చక్కెర ఫ్యాక్టరీని పూడ్చేసింది, దాంతో భయపడ్డ పల్లెజనం పారిపోయి ఊళ్లోకే వచ్చారు. ఎన్నికల కోసం గవర్నరే జనాన్ని కదలనివ్వలేదని అంటారు గానీ నాకు పూర్తిగా నమ్మబుద్ధి కాదు, ఎందుకంటే ఆయన భార్యతో సహా అక్కడికే వచ్చి అక్కడే చనిపోయాడు. లావా వస్తే లోయల్లోంచి సముద్రంలోకి పోతుందని అధికారుల లెక్క. వచ్చింది లావా కాదు, భగభగమండే వాయువులూ బూడిదా కలిసిన మేఘం. మే 8 ఉదయం ఎనిమిది గంటలప్పుడు నిమిషాల్లో దాదాపు 28,000 మంది పోయారు.

ఖైదీ సిపారిస్ తర్వాత అమెరికాలో సర్కస్‌తో తిరిగాడు. అతనొక్కడే బతికాడన్నది కూడా నిజం కాదు, ఊరి అంచున ఉన్న చెప్పులు కుట్టే అతనూ బతికాడు. వ్యాపారమంతా ఫోర్ట్ డి ఫ్రాన్స్‌కి వెళ్లిపోయింది. 1910లో సెయింట్ పియర్‌కి మునిసిపాలిటీ కూడా లేకుండా చేసి పక్క ఊళ్లో కలిపేశారు, 1923లో గానీ తిరిగి ఇవ్వలేదు.